ఆలస్యంగా వచ్చిన వచనం

పోయిన నెల మా ఊళ్ళో జరిగిన సాహిత్య కూటంలో ఒక యువకుడు లేచి నిలబడి ఒక ప్రశ్న వేశాడు. "రెండేళ్ళ నుంచి కవితలు రాస్తున్నాను. నాలుగు పత్రికలకు పంపితే మూడు వద్దన్నాయి, నాలుగోది ఏ సంగతీ చెప్పలేదు. నాకు రాయడం వస్తుందా, రాదా? రాదంటే చెప్పండి, ఇవాళే మానేస్తాను." వచ్చినవాళ్ళం పద్నాలుగు మందిమి. ఎవరికీ ఏం చెప్పాలో తోచలేదు. పెద్దాయన ఒకరు ఆనవాయితీగా వేమన వేపాకు పద్యం చదివి, "సాధన చెయ్యి నాయనా" అని కూర్చున్నారు. కుర్రవాడు తల ఊపాడు. ఆ ఊపులో ఒప్పుకోలు లేదని నాకు వెంటనే తెలిసింది. అప్పు దరఖాస్తు పరిశీలనలో ఉందని చెప్పినప్పుడు మా కౌంటరు ముందర మనుషులు అట్లాగే తల ఊపుతారు.

సరైన జవాబు ఆ రోజు నా దగ్గరా లేదు. నేను బి.కాం. చదివినవాణ్ణి. సాహిత్యంలో నాకు పట్టా లేదు, ముప్పై ఏళ్ళు దాటిన చదివే అలవాటు మాత్రం ఉంది. మరాఠీవాళ్ళకు ఈ ఊళ్ళో నరహర్ కురుందకర్ వంటి విమర్శకుడు ఉండేవారు. మన కూటానికి దొరికింది ఒక బ్యాంకు ఆఫీసరు. ఏం చేస్తాం! ఇంటికి వచ్చాక అల్మారాలోంచి సామల సదాశివ గారి పుస్తకాలు దించుకున్నాను. ఆ కుర్రవాడికి జవాబుగా ఈ వ్యాసం మొదలుపెట్టాను. రాస్తూ పోతే అందులో నేను చెప్పుకోవలసిన నా తప్పు ఒకటి బయటపడింది. దాని సంగతి చివర చెబుతాను.

ముందు మన పరిస్థితి. నాందేడ్, ధర్మాబాద్, బిలోలి, దెగ్లూర్, కిన్వట్ వైపు తెలుగువాళ్ళం మనం. 1956 నవంబరు 1న హైదరాబాద్ రాష్ట్రాన్ని భాషలవారీగా పంచినప్పుడు మన నాందేడ్ జిల్లాలోని ముధోల్ తాలూకా ఆదిలాబాద్‌కు పోయింది. ఆదిలాబాద్ జిల్లాలోని కిన్వట్ తాలూకా ఇటు వచ్చింది. ముధోల్‌తో పాటే బాసర కూడా పోయింది. అంటే సరస్వతీదేవి అంతవరకు మన జిల్లా దేవతే! ఇప్పుడు కూడా మన పిల్లలను బాసర తీసుకుపోయి పలక మీద ఓనమాలు దిద్దిస్తాం. తిరిగి వచ్చి జూన్‌లో మరాఠీ బడిలో వేస్తాం. మన తెలుగు చదువు చాలా ఇళ్ళలో ఆ పలక దగ్గరే ఆగిపోతుంది.

తప్పు ఎవరిదీ కాదు, బతకాలంటే ఇక్కడి భాష కావాలి. కాని దాని ఫలితం ఒకటి ఉంది. మనలో ఒకరు పాతికేళ్ళకో ముప్పై ఏళ్ళకో తెలుగులో రాయాలని కూర్చున్నప్పుడు, అతని నోటికి ముప్పై ఏళ్ళు, చేతికి మూడేళ్ళు. ఇంట్లో అమ్మతో, అంగట్లో చుట్టాలతో వెక్కిరింతలు, బుజ్జగింపులు, తిట్లు అన్నీ తెలుగులో ధారాళంగా నడిపే మనిషి, కాగితం ముందు కూర్చునేసరికి ఒత్తులు, దీర్ఘాల దగ్గర తడుముకుంటాడు. తనకు తానే తెలివితక్కువ వాడుగా కనిపిస్తాడు. తన మీద తనకే చిరాకు వస్తుంది. ఆ చిరాకునే చాలామంది తమకు ప్రతిభ లేదనడానికి రుజువు అనుకుంటారు. అది ప్రతిభ సంగతి కాదు, నోటికీ చేతికీ ఉన్న వయసు తేడా.

పైగా మన సంప్రదాయం కూడా ఈ విషయంలో అంత దయగలది కాదు. తెలుగులో "ఆశువుగా చెప్పాడు" అంటే పెద్ద మెప్పు. తిరుపతి వేంకట కవుల అవధానాల కథలు వింటూ పెరిగిన జాతి మనది. ఎదురుగా సభ ఉండగా, అడిగినవాడి మాట పూర్తి కాకముందే పద్యం రావాలి. అది గొప్ప విద్యే, కాదనను. కాని ఆ సభలో కూర్చోవడానికి ముందు అవధాని ఎన్నేళ్ళు ఒంటరిగా కంఠస్థం చేశాడో మనం చెప్పుకోం. గంటలో పుట్టిన పద్యం వెనక ఎన్ని ఏళ్ళున్నాయో లెక్క వేసినవాళ్ళు లేరు. ఈ కాలంలో ఆ తొందర ఇంకో వేషం వేసుకుంది. పొద్దున రాసిన కవిత మధ్యాహ్నానికి వాట్సాప్‌లో యాభై దండాలు సంపాదిస్తుంది, సాయంత్రానికి దాని సంగతి రాసినవాడే మరిచిపోతాడు.

ఇక సదాశివ గారు. నాందేడ్ నుంచి ముద్‌ఖేడ్, కిన్వట్ మీదుగా రైలెక్కితే ఆదిలాబాద్ చేరతాం. ఆయన బతుకంతా ఆ జిల్లాలోనే. 1928లో దహెగాం దగ్గరి తెనుగుపల్లెలో పుట్టారు. ఆ ఊరు ఇప్పుడు కుమ్రం భీం ఆసిఫాబాద్ జిల్లాలోకి వస్తుంది. ఆయన చదువుకున్నది నిజాం కాలంలో, ఉర్దూ మాధ్యమంలో. మనకు మరాఠీ ఎట్లాగో ఆయనకు ఉర్దూ అట్లాగ. అది బడి పెట్టిన భాష, తెలుగు సొంతంగా సంపాదించుకున్నది. ఉపాధ్యాయుడిగా, అధ్యాపకుడిగా, ప్రిన్సిపాల్‌గా పని చేశారు. ఉర్దూ, ఫారసీ, మరాఠీ, సంస్కృతం తెలిసిన మనిషి. 2012 ఆగస్టు 7న కన్నుమూశారు. అంతకుముందు ఏడాది, 2011కు గాను, "స్వరలయలు" అనే సంగీత వ్యాసాల పుస్తకానికి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. అప్పటికి ఆయన వయసు ఎనభై మూడు.

పత్రికలు అప్పుడు "ఆలస్యంగా వచ్చిన గుర్తింపు" అని రాశాయి. నాకు ఆ మాట సగమే నిజమనిపిస్తుంది. గుర్తింపు ఆలస్యమైన మాట సరే. ఆ వచనం కూడా ఆలస్యంగానే వచ్చింది. ముప్పై ఏళ్ళకు ఆయన అట్లా రాయలేదు. తొలిరోజుల్లో రాసింది పద్యాలు, చిన్న కావ్యాలు. ఆ కాలంలో తెలంగాణలో తెలుగు వచ్చని నిరూపించుకోవాలంటే ఛందస్సులో రాయాలి. ఉర్దూ రాజ్యం చేస్తున్న చోట పద్యం రాయడం పౌరుషం కూడా. 1934లో సురవరం ప్రతాపరెడ్డి గారు గోలకొండ కవుల సంచిక వేసింది కూడా తెలంగాణలో కవులు లేరన్న మాటకు జవాబుగానే కదా. కాబట్టి యువకుడైన సదాశివ పద్యం పట్టడంలో వింత లేదు. ఆ పద్యాలు చెడ్డవి కావు. కాని ఇవాళ సదాశివ అంటే మనకు గుర్తొచ్చేవి అవి కావు.

ఆ తర్వాత ఉర్దూ, ఫారసీ సాహిత్యాలను తెలుగువాళ్ళకు పరిచయం చేసే పని చాలా ఏళ్ళు నడిచింది. ఉర్దూ సాహిత్య చరిత్ర రాశారు, అమ్జద్ హైదరాబాదీ రుబాయీలను తెలుగు చేశారు. అమ్జద్ 1908 మూసీ వరదలో తల్లిని, భార్యను, బిడ్డను పోగొట్టుకున్న కవి. నాలుగే పాదాల్లో ఒక జన్మకు సరిపడా మాట చెప్పడం రుబాయీ పద్ధతి. ఇంకొకరి నాలుగు పాదాలను తన భాషలోకి మోసుకురావడం మామూలు పని కాదు, ఒక్క మాట ఎక్కువైతే పడిపోతుంది. దీన్ని నేను రచనలో రియాజ్ అంటాను. సంగీతంలో రియాజ్ అంటే ఎవరికీ వివరించనక్కరలేదు. భీమ్‌సేన్ జోషి పదకొండేళ్ళ వయసులో గురువును వెతుక్కుంటూ ఇల్లు విడిచారనీ, సవాయి గంధర్వ ఇంట్లో నీళ్ళు మోశారనీ, కొద్దిపాటి రాగాల మీదే ఏళ్ళు గడిపారనీ మరాఠీ ఇళ్ళల్లో చంటిపిల్లలకు కూడా తెలుసు. ఆ ఏళ్ళలో ఆయన చేసిన సాధనకు టికెట్టు పెట్టి ఎవరూ వినలేదు, వినమని ఆయన అడగనూ లేదు. రాసేవాడికి మాత్రం అట్లాంటి తలుపు మూసిన గది లేదని మనం అనుకుంటాం. మొదటి ఏడాది రాసింది అచ్చు కావాలి, రెండో ఏడాదికి పుస్తకం కావాలి, మూడో ఏడు సన్మానం. నోటుబుక్కే ఆ గది. అనువాదం ఆ గదికి మంచి కిటికీ.

సదాశివ గారి చివరి పుస్తకాలు "యాది", "మలయమారుతాలు", "సంగీత శిఖరాలు", "స్వరలయలు". వీటిలో ఏది తెరిచినా ఒక మనిషి మన ఎదుట కూర్చుని ముచ్చట చెబుతున్నట్లే ఉంటుంది. ఒక గాయకుడి ప్రస్తావనతో మొదలవుతుంది, అక్కణ్ణుంచి ఆయన గురువు దగ్గరికి పోతుంది, ఆ గురువు ఘరానా సంగతి వస్తుంది, మధ్యలో ఒక షేర్ తగులుతుంది, దాని అర్థం చెప్పడానికి కాసేపు ఆగుతుంది, ఆ షేర్ తనకు చెప్పిన మిత్రుడి ఊరు వస్తుంది. ఇక దారి తప్పాడు అని మనం అనుకునేసరికి మళ్ళీ మొదటి గాయకుడి గొంతు దగ్గర నిలబెడతారు. ఇదంతా అలవోకగా జరిగినట్లుంటుంది. నేను ఒక వ్యాసాన్ని కాగితం మీద పద్దుల్లాగా విడదీసి చూశాను. ఆదాయం ఒకవైపు, ఖర్చు ఒకవైపు. ఒక్క ముచ్చట కూడా వృథాగా లేదు. ముందు చెప్పిన ప్రతి పేరూ తర్వాత ఎక్కడో ఒకచోట పనికి వచ్చింది.

ఆయన పాడే విద్వాంసుడు కాదు, వినే మనిషి. విన్నదాన్ని వాక్యంలో పెట్టడానికి ఆయన పద్యం రోజుల పాండిత్యం చాలదు, ఉర్దూ చరిత్ర రాసిన రోజుల పరిచయ వ్యాసం పద్ధతీ చాలదు. ఆ రెండూ కరిగి మాటలో కలవాలి. అది కలవడానికి దాదాపు ఒక ఉద్యోగ జీవితం పట్టింది.

మా బ్యాంకుల్లో సస్పెన్స్ ఖాతా అని ఒకటుంటుంది. ఏ పద్దులో వేయాలో వెంటనే తేలని మొత్తాన్ని అందులో పెడతాం. పోగొట్టకూడదు, తప్పు పద్దులో వేయకూడదు, జాడ తెలిసిన రోజున తీసి సరైన చోట వేయాలి. ఆడిటర్లకు ఆ ఖాతా అంటే గిట్టదు. మూడు నెలలు దాటి ఒక మొత్తం అందులో ఉంటే సంజాయిషీ అడుగుతారు. సదాశివ గారు చిన్నప్పటి నుంచి విన్న పాటలు, కంఠస్థం చేసిన షేర్లు, కలిసిన మనుషులు పద్యానికి సరిపడలేదు, సాహిత్య చరిత్రకూ సరిపడలేదు. వాటిని ఆయన పారేయలేదు. బలవంతంగా ఒక ఖండకావ్యంలోకీ తోయలేదు. సస్పెన్స్ ఖాతాలో ఉంచారు. నలభై ఏళ్ళ తర్వాత వాటికి పద్దు దొరికింది. సాహిత్యంలో మూడు నెలల నిబంధన లేకపోవడం మన అదృష్టం.

కళాసాధనను రికరింగ్ డిపాజిట్‌తో పోల్చి రోజూ కొంత వేస్తే చివర వడ్డీతో వస్తుందని చెప్పే ప్రసంగాలు నేను చాలా విన్నాను. మా వృత్తి మాట కదా అని నా చేతే చెప్పించినవాళ్ళూ ఉన్నారు. అది తప్పు పోలిక. డిపాజిట్‌కు గడువు తేదీ ఉంటుంది, రేటు ముందే రాసి ఇస్తాం. కళలో రెండూ లేవు. ముప్పై ఏళ్ళు వేసినవాడికి ఏమీ రాకపోవచ్చు. ఆ మాట కుర్రవాడికి దాచకుండా చెప్పాలి.

"యాది" అనే పేరు దగ్గర ఒక మాట. తెలంగాణ తెలుగులో యాది అంటే జ్ఞాపకం. ఫారసీ యాద్ ఉర్దూ మీదుగా వచ్చి ఇంట్లో మాట అయిపోయింది. మరాఠీలో యాదీ అంటే జాబితా. మా బ్యాంకులో యాదీ తెమ్మంటే బకాయిదారుల జాబితా తెస్తారు. హైదరాబాద్ పాఠకుడికి ఆ పుస్తకం పేరులో జ్ఞాపకమే వినిపిస్తుంది. నాందేడ్‌లో కూర్చుని చదివేవాడికి రెండో అర్థం కూడా వినిపించి తీరుతుంది. ఆ పుస్తకం నిజంగా రెండూను. తనకు ఎవరెవరు ఏమేం నేర్పారో, ఎవరికి తాను ఎంత రుణపడ్డారో రాసుకున్న జాబితా అది. మరాఠీ తెలిసిన సదాశివ గారు ఈ రెండో అర్థం ఎరిగే పెట్టారో లేదో గాని, మన చెవికి అది అదనపు లాభం. మన మిశ్రమ భాష లోపమని సిగ్గుపడే మిత్రులు ఈ ఒక్క పేరు చూసి ఆలోచించాలి. మనం వినగలిగింది అక్కడివాళ్ళు వినలేరు.

దోషాలు లేవా అంటే ఉన్నాయి. పత్రికల్లో శీర్షికగా రాసినవి కాబట్టి ఒకచోట చెప్పిన ముచ్చట ఇంకోచోట మళ్ళీ వస్తుంది. ఘరానాల పేర్లతో పరిచయం లేని పాఠకుడికి కొన్ని పేజీలు చుట్టాల పెళ్ళిలో కొత్తవాడి పరిస్థితిలాగా ఉంటాయి, అందరూ అందరికీ తెలుసు, మనకే ఎవరూ తెలియరు. తప్పు పట్టవలసిన చోట కూడా మెత్తగా పోతారు. తనకు నచ్చని గాయకుడి గురించి ఆయన గట్టిగా రాసిన చోటు నాకు కనబడలేదు. ఆ మెత్తదనం గుణమా, దోషమా అన్నది నేను ఇంకా తేల్చుకోలేదు. తన తొలి పద్యాల మీద కూడా ఆయనకు అదే మెత్తదనం ఉన్నట్లుంది. వాటిని వెక్కిరించుకోలేదు, నెత్తిన పెట్టుకోనూ లేదు.

ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుంది, రావాలి కూడా. ఇంతకాలం ఆగితేనే మంచి రచన వస్తుందా? మన పక్కింటి మరాఠీ సాహిత్యమే దీనికి అడ్డు సాక్ష్యం. భాలచంద్ర నేమాడే గారు "కోసలా" నవలను పాతికేళ్ళ వయసులో కొద్ది రోజుల్లోనే రాసి పారేశారన్నది మరాఠీవాళ్ళు ఇష్టంగా చెప్పుకునే సంగతి. 1963లో వచ్చిన ఆ నవల మరాఠీ వచనం దారినే మార్చింది. అదే నేమాడే గారి "హిందూ" నవల 2010లో గాని రాలేదు. ఆ మనిషే, ఆ చెయ్యే. ఒకటి రోజుల్లో వచ్చింది, ఒకటి దశాబ్దాల తర్వాత వచ్చింది. కాబట్టి ఓపిక అంటే కాలం పొడవు కాదు. వస్తున్నదాన్ని ఆపి కూర్చోవడం ఓపిక కాదు, రానిదాన్ని పీకి తేకపోవడమే ఓపిక.

కారా మాస్టారి సంగతి ఇంకో రకం. కాళీపట్నం రామారావు గారు విశాఖపట్నంలో బడిపంతులు, లెక్కలు చెప్పేవారు. 1940ల నుంచి కథలు రాస్తూ వచ్చిన మనిషి మధ్యలో ఏడెనిమిదేళ్ళు కలం పక్కన పెట్టారు. ఆ మౌనం తర్వాత వచ్చిన కథ "యజ్ఞం", 1966లో "యువ"లో అచ్చయింది. ఒక పాత అప్పు మీద ఊరి పెద్దల ముందు జరిగే తగవు అది. అప్పుల మధ్యే ఉద్యోగం చేసిన నేను, అప్పు అంటే ఏమిటో బ్యాంకు శిక్షణలో కంటె ఆ కథలో ఎక్కువ తెలుసుకున్నానంటే అతిశయోక్తి కాదు. ఆ మౌనాన్ని మనం సోమరితనం అనలేం. తనకు కనిపిస్తున్న లోకానికీ తాను రాస్తున్న కథకూ మధ్య దూరం ఆయన చూశారు. ఆ దూరం తగ్గేదాకా ఆగారు. ఆగిన మనిషికి తాను మళ్ళీ రాస్తానో లేదో తెలియదు. ఇందులోని కష్టమంతా అక్కడే ఉంది. తర్వాత తెలిసిన మనకు అది "విరామం". ఆ రోజుల్లో ఆయనకు అది విరామమో ముగింపో తెలిసే వీలు లేదు.

ఆయన రాసినవి తక్కువ కథలు. 1995లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. ఆ డబ్బు కథానిలయానికి పునాది అయింది. 1997లో శ్రీకాకుళంలో తెరిచిన ఆ ఇంట్లో తెలుగు కథలన్నీ చేర్చాలని సంకల్పం. మంచివి మాత్రమే కాదు, అన్నీ. ఒక్క కథ రాసి మాయమైనవాడి కథ కూడా. తన సొంత రచన విషయంలో అంత కఠినంగా ఉన్న మనిషి, ఇతరుల తొలి అడుగులను పారేయడానికి ఒప్పుకోలేదు. సదాశివ గారిలో మెత్తదనం గురించి సందేహపడిన నాకు, ఇక్కడ కారా మాస్టారి దగ్గర కొంత సమాధానం దొరికింది. నచ్చడం వేరు, దాచి ఉంచడం వేరు.

ఇప్పుడు నా తప్పు. చాలా ఏళ్ళ కింద మా కూటానికి ఒక అమ్మాయి వచ్చేది. పద్మశాలీల బిడ్డ, మరాఠీ బడిలో చదివింది. ఒకసారి తన నాయనమ్మ గురించి రెండు పేజీలు రాసుకొచ్చింది. ముసలామె పొద్దున్నే లేచి కండెలు చుట్టుకుంటూ తనలో తాను ఏం మాట్లాడుకునేదో అందులో రాసింది. చూసిపెట్టమని నాకిచ్చారు, పెద్దవాణ్ణి కదా. నేను ఎర్ర పెన్ను తీశాను. ఆజీ అని ఉన్నచోట నాయనమ్మ అని దిద్దాను. "జరా", "మంగ", "ఖరే" వంటివన్నీ కొట్టేశాను. ఒక వాక్యంలో క్రియ చివరికి రాకుండా మధ్యలో నిలిచింది, అది సాపు చేశాను. ముసలామె గొణుగుడును పూర్తి వాక్యాల్లోకి మార్చాను. అమ్మాయి ఏమీ అనలేదు. నేను దిద్దినదే సభలో చదివింది. అందరూ చప్పట్లు కొట్టారు, తెలుగు చక్కగా ఉందన్నారు. ఆ తర్వాత ఆమె కూటానికి రాలేదు.

మొన్న సదాశివ గారి పుస్తకాల వెనక పాత ఫైలు ఒకటి దొరికింది. అందులో ఆమె ఇచ్చిన కాగితాల జెరాక్సు ఉంది, నా దిద్దుబాట్లు లేనిది. చదివాను. అది అచ్చు తప్పులున్న తెలుగు, ప్రాణమున్న తెలుగు. ముసలామె అందులో ఆజీగా మాట్లాడుతున్నది, అందుకే నిజంగా మాట్లాడుతున్నది. నా ఎర్ర పెన్ను తర్వాత మాట్లాడింది పాఠ్యపుస్తకం. సదాశివ గారు యాది అనే మాటను పుస్తకం మీద ధైర్యంగా పెట్టడానికి ఒక జీవితం తీసుకున్నారు. ఈ అమ్మాయి మొదటి కాగితం మీదే ఆ ధైర్యం చేసింది, నేను కొట్టేశాను. ఆమెకు తన మీద తనకు ఓపిక లేక మానేసిందని అనుకుంటూ వచ్చాను. ఓపిక లేనిది నాకు.

విలాసం కనుక్కుని పోయిన ఆదివారం వాళ్ళింటికి పోయాను. ఇద్దరు పిల్లల తల్లి ఇప్పుడు, బడిలో పంతులమ్మ. గుర్తు పట్టింది. కాగితాలు చేతికిచ్చి, ఆ రోజు నేను చేసింది తప్పమ్మా అన్నాను. ఆమె నవ్వి ఊరుకుంది. చాయ్ అయిన తర్వాత లోపలికి పోయి మూడు నోటుబుక్కులు తెచ్చింది. రాయడం మానలేదట. నా దిద్దుబాటు చూసిన తర్వాత ఆమె చేసిన పని ఒకటే. తెలుగు లిపిలో రాస్తే తప్పులు వెతికేవాళ్ళుంటారని, తెలుగునే దేవనాగరిలో రాసుకుంటూ వచ్చింది. నాయనమ్మ ముచ్చట్లు, మగ్గం ముచ్చట్లు, నాందేడ్ గల్లీల్లో తెలుగువాళ్ళ పెళ్ళిళ్ళు. రెండు పేజీలు చదివి వినిపించింది. మరాఠీ అక్షరాల్లోంచి మా అమ్మ గొంతు వచ్చినట్లయింది నాకు.

ఈ పత్రికకు ఇవ్వమ్మా, తెలుగు లిపిలోకి నేను ఎత్తి రాస్తాను, ఒక్క మాట కూడా మార్చను అన్నాను. సంపాదకులకు ముందే మాట ఇచ్చేశాను కూడా, అందుకు ఇప్పుడు వారిని క్షమాపణ కోరుతున్నాను.

"ఇప్పుడే ఇయ్య కాకా," అంది, బుక్కులు ఒళ్ళో పెట్టుకుని. "ఆజీ ముచ్చట ఇంకా కాలే. ఆమె సచ్చిపోయే కాడ నాకు రాస్తొస్తలేదు. మళ్ళ రాండ్రి, దీపావళి అయినంక."